ఆకలి లేని యాభై రోజులు

ఇప్పుడు నేను బాగున్నాను. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఇట్లాంటివి చదివేటప్పుడు నేను కూడా ముందు చివరి పేజీ తిప్పి, మనిషి ఉన్నాడా లేడా చూసుకుని, అప్పుడు మొదటికి వస్తాను. మీకు ఆ శ్రమ వద్దు.

రాయడానికి రెండు కారణాలు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆదోని మార్కెట్ యార్డులో నన్ను చూసినవాళ్లు "అన్నా, సన్నబడినావే, ఏం సేసినావు?" అని అడుగుతున్నారు. ఆసుపత్రిలో పడ్డానని చెబితే, "అది కాదన్నా, అంతకు ముందర ఏం వాడినావు?" అంటున్నారు. ఇప్పటికి ముగ్గురు అడిగారు. నాలుగోవాడికి ఈ కాగితాలు చేతిలో పెడదామని.

రెండో కారణం మా బామ్మర్ది నీలకంఠ. నా భార్య సరళకు తమ్ముడు. ఇది రాయడం మొదలుపెట్టిన రోజుకు అతను ఆ పొడి ఇంకా తాగుతూనే ఉన్నాడు. నేను పడిన చోట అతను కూడా పడతాడేమోనని ఇంట్లో అందరికీ భయం, అతనికి తప్ప.

నా పని పత్తి. రైతు తెచ్చిన పత్తిని పట్టి చూసి, అందులో తేమ ఎంతుందో చెప్పాలి. పిడికిట్లో నొక్కి వదిలితే అది లేచే తీరులో కొంత తెలుస్తుంది, చెంపకు ఆనించుకుంటే మిగతాది తెలుస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. బీకాం కూడా చదివాను. రెంటికీ ఇంతవరకు పరిచయం కాలేదు.

దసరా వెళ్లిన వారానికి ఎమ్మిగనూరులో నీలకంఠ కూతురికి చెవులు కుట్టించారు. ఆ పొద్దు భోజనాల దగ్గర నేను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ విరిగింది. కుర్చీ పాతదని అందరూ ఒప్పుకున్నారు. నేనూ ఒప్పుకున్నాను. దాని పక్కన అంతే పాతవి ఇంకో నలభై కుర్చీలు మనుషులను మోస్తూ ఉన్నాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్యాదస్తులు.

సాయంత్రం నీలకంఠ నన్ను తన అంగడికి తీసుకుపోయాడు. చేనేత పంచెలు, తువ్వాళ్లు అమ్ముతాడు. మూడు నెలల కింద అతను నాకంటే లావు. ఇప్పుడు చొక్కా లోపల ఇంకో మనిషికి చోటుంది. తువ్వాళ్ల కట్టల వెనక నుంచి ఒక డబ్బా తీశాడు.

"బావా, అంతా ఆకులే. మందు కాదు. పొద్దున పరగడుపున ఒక చెంచా, రాత్రికి ఒక చెంచా. మూడు దినాల్లో ఆకలి పోతాది."

"ఆకలి పోతే భోజనం టైములో ఏం చేస్తావప్పా?"

"పేపరు సదువుకుంటా."

డబ్బా మీద ఒక కొండ, ఒక ఆకు బొమ్మ ఉన్నాయి. లోపల ఏమేమి కలిపారో ఎక్కడా లేదు. వారానికోసారి వచ్చే ఒకాయన దగ్గర కొంటాడట. మామూలుగా నేను పత్తి బోరెం, అంటే గోనె మూట, విప్పకముందే ఏ ఊరు, ఏ విత్తనం, ఎన్నో కోత అని ముప్పై ప్రశ్నలు అడుగుతాను. ఈ డబ్బాకు ఒక్కటీ అడగలేదు. బామ్మర్ది ఇచ్చాడు, అది చాలు.

రుచి సంగతి చెప్పాలి. తడిసిన గోనెసంచిలో కాకరకాయ నానబెట్టినట్టు ఉంటుంది. ఇంత చేదుగా ఉందంటే తప్పకుండా మంచిదేనని అనుకున్నాను.

మూడో రోజుకు నిజంగానే ఆకలి పోయింది. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. ఆకలి అంటే కడుపులో ఉంటుందని అనుకుంటాం. అది పోయాక తెలిసింది, రోజులో సగం దాని మీదనే నిలబడి ఉందని. యార్డు పక్క బండి మీద పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వేస్తారు. ఇరవై ఏళ్లుగా ఆ వాసనకు నా కాళ్లు నన్ను అడగకుండానే అటు తిరిగేవి. ఇప్పుడు ఆ బండి పక్కనే నిలబడి, ఉగ్గాని అనేది నానబెట్టిన బొరుగులు, పుట్నాల పొడి అని, దాన్ని జనం ఎందుకు తింటున్నారో అని చూస్తున్నాను. బజ్జీలాయన నావైపు రెండు మూడు సార్లు చూసి, "అన్నా, బాకీ ఏమన్నా ఉండానా నీకు?" అన్నాడు.

ఇంట్లో సరళ ఒక పూట వండటం మానేసింది. మొదట్లో తమ్ముడి వైద్యం పారిందని ఆమెకు గర్వంగా ఉండేది. పది రోజులకు అది తగ్గింది. ఒకనాడు జొన్నరొట్టె తట్టుతూ తట్టుతూ ఆపి, "ఎవురికోసం సేసేది ఇవి? నేనొకదాన్నే తినాలంటే నాకూ ఆకలి కావడం లేదు," అంది. పొడి తాగకుండానే ఆమెకు కూడా ఫలితం కనిపించిందని నేను జోకేశాను. ఆమె నవ్వలేదు. రొట్టెలు గుడ్డలో చుట్టి పక్కింటికి పంపింది.

ప్రతి సోమవారం పొద్దున మండీలో పత్తి తూచే కాటా ఎక్కేవాణ్ణి. మా హమాలీ మేస్త్రీ హుసేనప్ప లాటు బరువు చదివినట్టే గట్టిగా చదివేవాడు. మొదటి వారం మూడు కిలోలు పోయాయి. రెండో వారం రెండున్నర. నాలుగో వారానికి పక్క మండీల వాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లు. ఏదో పోటీలో గెలుస్తున్నట్టు ఉండేది. నేను చేయాల్సిందల్లా తినకపోవడమే కాబట్టి, ఇంత తేలికైన పోటీ నా జీవితంలో ఇంకొకటి లేదు.

నోరు ఎండిపోయేది. నాలుక అట్టలాగా అంగిటికి అంటుకునేది. నిద్ర తగ్గింది. మాటల వేగం పెరిగింది. రోజుకు అయిదారు సార్లు దొడ్డికి పోవాల్సి వచ్చేది. అది ఒంట్లో చెత్త పోతుండటమని నీలకంఠ ఫోనులో చెప్పాడు. నా ఒంట్లో ఇంత చెత్త ఉందా అని ఆశ్చర్యపోయాను. అప్పుడప్పుడు గుండె ఒక దెబ్బ మరిచిపోయి, గుర్తొచ్చి, రెండు ఒకేసారి కొట్టేది. దాన్ని కూడా ఆసక్తిగా విన్నాను. భయపడాల్సిన పని అని తట్టలేదు.

నవంబరు చివర్లో ఒక సోమవారం. తుగ్గలి నుంచి ఒక రైతు పత్తి తెచ్చాడు. పిడికిట్లో పట్టాను, చెంపకు పెట్టుకున్నాను. తేమ ఎక్కువ. బరువు తగ్గించి రాయాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"వారం కిందట ఇంట్లో తూసినప్పుడు ఇంకా ఎక్కువుండె గదప్పా. అంత బరువు యాడికి పాయ?"

నేను ఆయనను కూర్చోబెట్టి చెప్పాను. వారంలో పోయిన బరువు పత్తి కాదు పెద్దాయనా, నీళ్లు. దూది అంత తొందరగా ఎక్కడికీ పోదు. తొందరగా పోయే బరువు ఏదైనా సరే నీళ్లే. ఇంకో వారం ఆరబెడితే ఇంకా పోతుంది. నాకే నచ్చేటట్టు చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత నేను లేచి, అదే కాటా ఎక్కి, ఆ వారం ఇంకో రెండు కిలోలు పోయినందుకు సంతోషపడ్డాను.

హుసేనప్ప ఈసారి బరువు గట్టిగా చదవలేదు.

"అన్నా, ఒక మాట సెప్తే కోపం సేసుకోవు గదా?"

"చెప్పు హుసేనప్పా."

"నీ మొగం సూస్తే ఎండలో మరిసిపోయిన బోరెం మాదిరి ఉండాది. ఇప్పుడు ఆ పెద్దాయనకు సెప్పినావే, అదే నీకూ సెప్పుకోరాదా?"

అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఆ తర్వాతి వారం, డిసెంబరు మొదట్లో, పత్తి బోరేల మధ్య నడుస్తూ ఉండగా కాళ్లు నా మాట వినలేదు. కూర్చోవాలని నేను అనుకోలేదు, అవే కూర్చున్నాయి. గుండె ఇంతకు ముందు మరిచిపోయిన దెబ్బలన్నీ ఒకేసారి తీర్చేస్తున్నట్టు కొట్టుకుంటోంది. కళ్ల ముందు పత్తి పచ్చగా కనిపించింది. తేమ వల్ల కాదని మాత్రం తెలిసింది.

హుసేనప్ప, ఇంకో హమాలీ కలిసి నన్ను ఎత్తారు. మూట ఎత్తే పద్ధతిలోనే ఎత్తారు, ఒక చేయి కింద, ఒక మోకాలు ఆసరా. మనుషులను ఎత్తడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. ఆటోలో నా తల హుసేనప్ప భుజం మీద ఉంది. "గమ్మున ఉండన్నా, మాట్లాడొద్దు," అంటున్నాడు. నేను మాట్లాడుతున్నానని నాకు తెలియదు. తర్వాత అడిగితే, దారి పొడుగునా తుగ్గలి రైతుకు క్షమాపణ చెప్పావన్నాడు.

ఆసుపత్రిలో నన్ను లోపలికి తీసుకునేదాకా అరగంట బయట బల్ల మీద ఉన్నాను. పక్కన ఆస్పరి నుంచి వచ్చిన ఒక ముసలామె, తన వంతు కోసం పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. నా వాలకం చూసి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నర్సు ఆమె పేరు పిలిచింది. "ఈయప్పను ముందర పిలువు తల్లీ, నాది మోకాలే గదా," అంది. ఆమె పేరు నేను సరిగా వినలేదు. ఆమె కోసం రెండు మూడు సార్లు ఆ బల్ల దగ్గరికి పోయి చూశాను. మోకాలు బాగైందేమో, రాలేదు.

డాక్టరమ్మ ముప్పై అయిదేళ్ల మనిషి. తొందర లేదు. నా చెయ్యి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం వెనక్కి పోలేదు, గుడ్డ మడత మాదిరి అట్లాగే నిలబడింది. ఆమె దాన్ని చూస్తోంది, నేనూ చూస్తున్నాను. పట్టి వదిలి చూడటం నా వృత్తి. ఇంతవరకు ఆ వైపు ఎప్పుడూ లేను.

"మందులేమన్నా వాడుతున్నారా?"

"లేదు మేడం."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆకులు మందెట్లా అవుతాయి? కానీ అప్పుడే వచ్చిన సరళ నా పక్కన నిలబడి ఉంది. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ ఉంది. ఆమె నోరు తెరిస్తే అందులోంచి తమ్ముడి పేరు రావాలి. రాలేదు. నేను ఆమె వైపు చూశాను, ఆమె నేల వైపు చూసింది.

రెండు రోజులు సెలైన్లు ఎక్కించారు. ఒంట్లో ఉప్పులు పడిపోయాయని, గుండె అందుకే తప్పటడుగులు వేస్తోందని చెప్పారు. కానీ ఉప్పులు ఎందుకు పడిపోయాయో డాక్టరమ్మకు అంతుపట్టలేదు. వాంతులా? లేవు. విరేచనాలా? కొంచెం. నేను దేన్నయినా కొంచెమనే అంటాను, అది నా అలవాటు. రెండో రోజు సాయంత్రం కర్నూలు పంపించాలేమోనన్నారు. బయట వరండాలో నా చావు గురించి మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది. అప్పుడు మొదటిసారి భయపడ్డాను. భయం బాగానే పని చేస్తుంది, నోరు ఇంకా ఎండింది.

మూడో రోజు పొద్దున సరళ కూరగాయల సంచిలోంచి డబ్బా తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"ఈయన ఇది తాగుతాండారు మేడం. యాభై దినాలాయ. మా తమ్ముడు ఇచ్చినాడు. మొన్ననే సెప్పాల్సింది. నా నోరు రాలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. మూత తీసి వాసన చూసింది, వేళ్ల మధ్య నలిపి చూసింది.

"విరేచనాల ఆకు ఇందులో ఉంది, అది వాసనే చెబుతోంది. మీరు కొంచెం అన్నది అదే. ఇంకేమి కలిపారో నేను చూసి చెప్పలేను. వట్టి ఆకులకు మూడు రోజుల్లో ఆకలి ఇట్లా చావదు. కొందరు ఆకలి చంపే మాత్రలు, గుండెకు చెడ్డవని ఎప్పుడో ఆపేసినవి, నూరి కలుపుతారు. ఇందులో అవి ఉన్నాయో లేదో పరీక్షకు పంపితే గాని తెలియదు." నా వైపు తిరిగింది. "మీరు తగ్గిన పదమూడు కిలోల్లో చాలా వరకు నీళ్లు. కొంత కండ. కొవ్వు ఏదో మర్యాదకు కొంచెం పోయి ఉంటుంది. పత్తి వ్యాపారం అన్నారు కదా, నేను మీకు చెప్పాలా?"

నేను నా చెయ్యి వెనక చర్మాన్ని నేనే పట్టి వదిలి చూసుకున్నాను. సరళ నన్ను ఆశ్చర్యంగా చూసింది.

"ఈ పొడి ఇంకెవరు తాగుతున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

సరళ అక్కడే నిలబడి ఎమ్మిగనూరుకు ఫోను చేసింది.

మధ్యాహ్నానికి నీలకంఠ బస్సు దిగి దానిమ్మపండ్లతో వచ్చాడు. నా పక్కన కూర్చుని గబగబా మాట్లాడాడు. మధ్య మధ్యలో పెదాలు నాకుకుంటున్నాడు. చేతిలో నీళ్ల సీసా, రెండు మాటలకొక గుటక. కళ్ల కింద నలుపు. అతన్ని చూస్తుంటే వారం కిందటి నన్నే ఎవరో బయట కూర్చోబెట్టి చూపిస్తున్నట్టు ఉంది.

"నిన్ను సంపాలని ఇచ్చినానా బావా?"

"లేదప్పా. ఆ మాట ఎవురన్నారు?"

"నాకు అయిదు నెల్లాయ, ఏమైనా అయినాదా? నీ ఒంటికి పడలేదు, అంతే."

సరళ అందుకుంది. "నోరు మూస్కోరా. ఈయప్ప యాడుండాడో సూడు. ఈ పొద్దే ఆ డబ్బా పారేయ్యి. ఈడనే ఒకసారి గుండె సూపించుకుని పో."

"అక్కా, నీకు తెలీదు." అతని గొంతు తగ్గింది. "నేను ఆరో తరగతి నుంచి డ్రమ్ము. బళ్లో డ్రమ్ము, మగ్గాల కాడ డ్రమ్ము, పెళ్లిలో పురోహితుడు గూడా నవ్వినాడు. ఎమ్మిగనూరులో నన్ను నా పేరుతో పిలిసేది ఇప్పుడిప్పుడే మొదులుపెట్టినారు. ఆపితే మల్లా డ్రమ్మే గదా?"

సరళ దానిమ్మపండ్లు అతని చేతిలోనే తిరిగి పెట్టింది. ఆ రోజు నుంచి తమ్ముడితో మాటలు మానేసింది. ఆమె కోపం ఎక్కువ భాగం తన మీదనే అని నాకు తెలుసు. తమ్ముడి పేరు కాపాడటానికి రెండు రోజులు మొగుణ్ణి పణంగా పెట్టానని ఆమె లెక్క. నేను కొంచెం కూడా అట్లా అనుకోలేదని చెప్పాను. "మీరు కొంచెమని అంటే ఎంతో నాకు తెలుసు," అంది.

అయిదో రోజు ఇంటికి పంపారు. గుండె కుదుటపడింది, ఆకలి మాత్రం రాలేదు. గంట కొట్టినట్టు సమయానికి కూర్చుని తినేవాణ్ణి. మింగుడు పడేది కాదు. ఇక రాదేమో అనుకున్నాను. ఆకలి లేకుండా మనిషి ఎన్నాళ్లు బతకొచ్చో తెలుసుకోవాలని అప్పుడు నాకు ఏమాత్రం ఆసక్తి లేదు. పొడి ఆపిన పదకొండో రోజు సరళ వంటింట్లో చెనిక్కాయలు వేయిస్తోంది. వాసన వచ్చింది. కడుపులో ఎవరో మెల్లగా తలుపు తట్టారు. పెరుగన్నం కలిపించుకుని నాలుగు ముద్దలు తిన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. మిరపకాయ కారమన్నాను. అందులో మిరపకాయ లేదని సరళ అనలేదు.

నెల తిరిగేసరికి పోయిన బరువులో సగానికి పైగా వచ్చేసింది. నీళ్లు కదా, తాగితే వస్తాయి. డాక్టరమ్మ చెప్పినట్టు ఇప్పుడు పొద్దున కోట దారిలో నడుస్తున్నాను, ఒక ముద్ద తక్కువ తింటున్నాను. నెలకు ఒక కిలో తగ్గింది. చూడటానికి ఎవరూ రాలేదు. పరీక్షకు పంపిన పొడి గురించి ఇంకా కబురు లేదు. ఏమి రాస్తారో చదవాలని ఉంది.

జనవరిలో మూడుసార్లు ఎమ్మిగనూరు పోయాను. అంగట్లో తువ్వాళ్ల మధ్య కూర్చున్నాను. నాకు ఉపన్యాసాలు రావు. వచ్చిన ఒక్కటి తుగ్గలి రైతుకు ఇచ్చేశాను. ఊరికే ప్రశ్నలు వేశాను. నిద్ర పడుతోందా నీలకంఠా? పడతాంది. గుండె ఎప్పుడైనా తప్పుతోందా? లేదు బావా. అంటూ సీసా ఎత్తుతాడు. ఒకసారి వచ్చి గుండెకు ఈసీజీ తీయించుకో, అది చూసి నేను ఇంక ఈ మాట ఎత్తనన్నాను. రాలేదు. మూడోసారి నేను లేస్తుంటే, "అక్క ఎట్లుండాది?" అని అడిగాడు. అక్కకు నీతో మాట్లాడాలని ఉందన్నాను. అది నేను కల్పించిందే. కానీ నిజం.

ఈ కాగితాలు ఇక్కడిదాకా రాసేసరికి ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. నీలకంఠ. అంగట్లోంచి కాదు, చుట్టూ నిశ్శబ్దంగా ఉంది.

"బావా, నువ్వు ఆపినాక ఆకలి ఎన్ని దినాలకు వచ్చె?"

"పదకొండో రోజు. ఎందుకప్పా?"

"ఊరికే."

నేను కాచుకున్నాను. పత్తి బేరంలో కూడా అంతే, ఎదుటివాడు మాట్లాడేదాకా కదలకూడదు.

"నాకిది తొమ్మిదో దినం బావా," అన్నాడు చివరికి. "పోయిన వారం మెట్లెక్కుతా కూలబడినా. ఎవురికీ సెప్పలే. డబ్బా మోరీలో పోసినా. ఆకలి మాత్రం రాలే. పూర్తిగా పోయిందేమోనని భయమైతాంది. వస్తాదా?"

"వస్తాది. నాకు రాలేదా? రేపు పొద్దున మొదటి బస్సుకు రా. కూలబడినావంటే డాక్టరమ్మ సూడాల్సిందే. నేను బస్టాండులో ఉంటా."

"వస్తా. అక్కకు సెప్పొద్దు."

సరళ నా భుజం పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. డిసెంబరు నుంచి ఆ పేరు ఇంట్లో ఎత్తని మనిషి, చెయ్యి చాపి ఫోను తీసుకుంది. చెవికి పెట్టుకుంది. రోజూ మాట్లాడుకునేవాళ్లు అడిగినట్టు అడిగింది:

"పొద్దున ఏం తిన్నావురా?"